ఏళ్ల తరబడి ఆగిపోయిన క్లాసిక్ స్పోర్ట్స్ కారు: అపోహలు - వాస్తవాలు

షెడ్డులో ఏళ్ల తరబడి ఉండిపోయిన పాత స్పోర్ట్స్ కారును మళ్లీ రోడ్డెక్కించాలనుకునే వారిలో చాలామంది మొదట అడిగేది ఇంజిన్ స్టార్ట్ అవుతుందా అని. ఈ పని చేసే మెకానిక్‌గా నేను ముందు చూసేది బాడీ బలాన్ని, ఆ తర్వాత బ్రేకులను. ఇంజిన్ వంతు వాటి తర్వాతే వస్తుంది. కింది అపోహలలో చాలావరకు ఈ వరుస తారుమారు కావడం వల్ల పుట్టినవే.

అపోహ: తిరగని బండి అరగదు కాబట్టి, తక్కువ కిలోమీటర్లు తిరిగిన కారు భద్రంగానే ఉంటుంది.

వాస్తవం: ఇనుము అరగకపోవచ్చు గాని, రబ్బరూ బ్రేక్ ఆయిలూ నిలిచి ఉన్నా పాడవుతూనే ఉంటాయి. సాధారణంగా వాడే బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌లో ఒక రకం) ఆయిల్ మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ చేరాక ప్రమాణాలు కోరే కనీస విలువ 155 డిగ్రీలు మాత్రమే. ఆ తేమే వీల్ సిలిండర్ల (చక్రం దగ్గర బ్రేకును నొక్కే చిన్న సిలిండర్లు) లోపల తుప్పు కూడా పట్టిస్తుంది.

నన్ను ఎక్కువగా భయపెట్టేది మాత్రం చక్రాల దగ్గరి రబ్బరు బ్రేక్ గొట్టం. పైకి నల్లగా నిగనిగలాడుతూ కనిపించే గొట్టం లోపల ఉబ్బిపోయి, దారి దాదాపు మూసుకుపోయి ఉండవచ్చు. పెడల్ తొక్కినప్పుడు కాలి బలానికి ఆయిల్ ముందుకు వెళ్తుంది, వదిలినప్పుడు మాత్రం వెనక్కి రాలేదు. దీన్ని కనిపెట్టడానికి ముందువైపు చక్రాన్ని జాకీతో లేపి, కారును స్టాండ్ల మీద నిలిపి, పెడల్ తొక్కి వదిలాక చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. చక్రం బిగుసుకుపోయి, బ్లీడ్ నిపుల్ (చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) కాస్త వదులు చేయగానే ఆయిల్ చిమ్మి, చక్రం తేలిగ్గా తిరిగితే, కాలిపర్ (బ్రేక్ డిస్కును పట్టి నొక్కే భాగం) పిస్టన్ పట్టేయలేదనీ ఒత్తిడి దానికి పైన ఎక్కడో చిక్కుకుందనీ అర్థం. ఒకే చక్రానికి ఇలా జరుగుతుంటే దోషం చాలాసార్లు ఆ గొట్టానిదే. నేనైతే ఒక్కటి పాడైనా అన్ని గొట్టాలనూ మార్చేస్తాను.

టైర్ల సంగతీ ఇంతే. 2000 నుంచి తయారైన టైర్ల మీద, పక్క గోడపై అచ్చువేసిన డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. అక్కడ మూడే అంకెలుంటే ఆ టైరు అంతకుముందుది. ట్రెడ్ ఎంత మిగిలి ఉన్నా దానిని రోడ్డు మీదికి తేకూడదు.

అపోహ: తుప్పు పైపైనే ఉంది, పుట్టీ పెట్టి పెయింటు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: తుప్పు ఎక్కడ ఉందన్నదే అసలు ప్రశ్న. 1962 నుంచి 1980 వరకు తయారైన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి విడిగా ఛాసిస్ (బాడీని మోసే అడుగు చట్రం) లేదు. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో తలుపుల కింద పొడవునా సాగే సిల్లులే బాడీ బరువులో పెద్ద భాగాన్ని మోస్తాయి. అక్కడ అయస్కాంతం పట్టుకోలేదంటే లోపల పుట్టీయే ఉందని అనుకోవాలి. జాకీతో లేపినప్పుడు తలుపు చుట్టూ ఉన్న సందు మారినా, తలుపు బిగుసుకుపోయినా బాడీ వంగుతోందన్నమాటే. తలుపు చోటుకు అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డ్ చేసి నిలబెట్టకుండా పాత సిల్లులను కోసేస్తే, బాడీ కుంగిన స్థితిలోనే కొత్త సిల్లులు అతుక్కుంటాయి; ఆ తర్వాత ఎంత మంచి పెయింటు వేసినా తలుపులు సరిగా పడవు. ఫైబర్‌గ్లాస్ బాడీ ఉన్న లోటస్ ఎలాన్ అనే స్పోర్ట్స్ కారుకు తుప్పు బెడద లేదనుకోవడమూ పొరపాటే, దాని లోపలి ఛాసిస్ ఉక్కుతో చేసినదే.

అపోహ: కొత్త బ్యాటరీ పెట్టి, పెట్రోలు పోసి సెల్ఫ్ కొడితే ఇంజిన్ సంగతి తేలిపోతుంది.

వాస్తవం: బాగున్న ఇంజిన్ కూడా ఆ ఒక్క ప్రయత్నంతో దెబ్బతినవచ్చు. చాలాకాలం కదలని ఇంజిన్‌లో ఆయిల్ పొర జారిపోయి, పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు తుప్పుతో అతుక్కుని ఉండవచ్చు. అందుకే స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కాస్త పలుచటి ఆయిల్ పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ వేసి చేత్తో తిప్పాలి. ఎక్కడైనా అడ్డుపడితే బలవంతం చేయకూడదు. హాయిగా తిరిగితే ఆయిలూ ఫిల్టరూ మార్చి, ఇగ్నిషన్, పెట్రోలు సరఫరా రెండూ ఆపి, ప్లగ్గులు బయటే ఉంచి, ఆయిల్ ప్రెషర్ గేజి ముల్లు లేచేవరకు ఆగి ఆగి సెల్ఫ్ తిప్పాలి. పోర్షే 944 వంటి కార్లలో అంతకుముందే టైమింగ్ బెల్టు (వాల్వుల కదలికను పిస్టన్లతో జతపరిచే బెల్టు) మార్చడం తప్పనిసరి, ఎందుకంటే అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

అపోహ: సీసం లేని పెట్రోలు పోస్తే పాత ఇంజిన్ వెంటనే పాడైపోతుంది.

వాస్తవం: సీసం లేకపోతే గట్టిపరచని వాల్వు సీట్లు (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే చోట్లు) అరిగే మాట నిజమే. అయితే అది ముఖ్యంగా ఎక్కువసేపు అధిక వేగంతో నడిపినప్పుడు, క్రమంగా జరిగే అరుగుదల; ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉంచే సన్నని సందు) తగ్గుతూ ఉంటే అది బయటపడుతుంది. ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్ ఎప్పుడైనా విప్పినప్పుడు ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు వేయిస్తే చాలు. అంతకన్నా తొందరగా చూడవలసింది ఇథనాల్ కలిసిన పెట్రోలు గురించి. అది పాత రబ్బరు ఫ్యూయల్ గొట్టాలను మెత్తబరచి పగిలేలా చేస్తుంది, వేడి ఎగ్జాస్ట్ మీద కారే పెట్రోలుతో మంటలు లేవవచ్చు. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేసిన తర్వాతే ట్యాంకు నింపాలి.

అపోహ: ఒకసారి దూరం తీసుకెళ్లి గట్టిగా నడిపితే అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

వాస్తవం: మొదటిసారి కొద్ది కిలోమీటర్లకు మించి వెళ్లకూడదు. తిరిగి వచ్చాక నాలుగు హబ్బుల (చక్రాల నడిమి భాగాలు) దగ్గరా చేయి పెట్టి చూడాలి; ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేస్తోందనో, బేరింగ్ పాడైందనో అర్థం. చక్రాల నట్లు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగించామో చూపే స్పానర్) మళ్లీ బిగించి, రాత్రంతా కారు కింద శుభ్రమైన అట్ట పరిచి ఉంచితే, ఏది ఎక్కడి నుంచి కారుతోందో తెల్లారేసరికి తెలిసిపోతుంది.