పాసు పుస్తకం అట్ట మీద బొమ్మ సరే, లోపల పేరెవరిది?

రాజముద్రతో కొత్త పట్టాదారు పాసు పుస్తకాలు రావడంతో అట్ట మీద ఎవరి ఫొటో ఉండాలన్న గొడవ ఒక కొలిక్కి వచ్చింది. రీసర్వే, ల్యాండ్ టైట్లింగ్ చట్టం, 2024 ఎన్నికల తర్వాత దాని రద్దు అందరికీ తెలిసినవే, ఇక్కడ మళ్లీ చెప్పుకోనక్కర్లేదు. విశాఖ చుట్టూ ఉన్న ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల్లో ఇప్పుడు నడుస్తున్న మాట వేరు. భూమి తీసుకుని బదులుగా ప్లాటు ఇచ్చే ల్యాండ్ పూలింగ్ మళ్లీ చర్చకొచ్చింది. పూలింగ్‌లో ప్లాటు కావాలన్నా, అన్నదాత సుఖీభవ డబ్బు పడాలన్నా, సబ్సిడీ విత్తనం తెచ్చుకోవాలన్నా పుస్తకం లోపలి పేజీయే దిక్కు. ఆ పేజీలో చాలా ఇళ్లలో మగవాళ్ల పేరే ఉంది. 2026 అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరమని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది కాబట్టి సభలకూ శాలువాలకూ ఈ ఏడాది లోటుండదు.

ఆడవాళ్లు ఏం పని చేశారో తెలుసుకోడానికి సభలకు పోనక్కర్లేదు, పాత ఇంటి వసారా చూస్తే చాలు. వానలో ఉభాలు (వరి నాట్లు) వేసేటప్పుడు వీపు మీద కప్పుకున్న తాటాకు గిడుగు, కలుపు తీసే బొరిగె, కోత కొడవలి, కళ్లంలో తూర్పార పట్టిన చేట, కూలి కొలిచిన కుంచం. వీటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది విత్తనాల కుండ. ఏ చేను గింజ విత్తనానికి పనికొస్తుందో చూసి ఏరడం, ఎండబెట్టడం, బూడిదో వేపాకో కలిపి మూతి కట్టడం ఇంటి ఆడవాళ్ల పని. వచ్చే ఏడు ఏం పండాలన్న నిర్ణయంలో వాళ్ల మాటకు విలువ ఉండేది అక్కడే. అధిక దిగుబడి రకాలు వచ్చాక కుండ స్థానంలో విత్తనాల సంచి వచ్చింది. సంచి కొట్టులో దొరుకుతుంది, కొట్టుకు వెళ్లేది మగవాడు. ఇప్పుడు ఆ సంచి సబ్సిడీ మీద రైతు సేవా కేంద్రంలో ఇస్తారు, పాసు పుస్తకం చూపించాలి.

బొరిగె కథా ఇంతే. చేత్తో కలుపు తీసినంతకాలం అది ఆడ కూలీల పని. కలుపు మందు వచ్చాక స్ప్రేయర్ మగవాళ్ల భుజానికెక్కింది, ఆ కూలి రోజులు ఆడవాళ్లకు పోయాయి. 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది కానీ అది ఒకే రకం పనికి సమానంగా ఇవ్వమంది. పనే చేతులు మారిపోతే చట్టం ఏం చేస్తుంది? 2023లో ప్రకటించిన నమో డ్రోన్ దీదీ పథకం మందు కొట్టే పనిని మళ్లీ ఆడవాళ్ల చేతికి ఇస్తామంటోంది. చూడాలి.

అయితే ఇవేవీ నేటి తగాదాకు మూలం కాదు. నా దృష్టిలో మూలం ఒక తేదీ: 1985 సెప్టెంబరు 5. ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి చేసిన రాష్ట్ర సవరణ ఆ రోజు నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. చట్టం నంబరు 1986లో పడింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో వాటా అన్నారు. దేశమంతటికీ అలాంటి చట్టం 2005లో గానీ రాలేదు. ఈ గొప్ప మన రాష్ట్రానిదే, కాదనలేం. కానీ అందులోనే ఒక గీత గీశారు. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు ఇది వర్తించదు, అప్పటికే పంపకాలు జరిగిపోయిన ఆస్తికీ వర్తించదు.

పద్దెనిమిదో ఏట 1984లో పెళ్లయి పద్మనాభం పక్క పల్లెకు కాపురానికొచ్చిన మనిషికి ఇప్పుడు అరవై దాటుతుంది. పుట్టింటి పొలంలో పెళ్లిదాకా ఉభాలు వేసింది, చట్టం ఆమెను గీతకు అవతల నిలబెట్టింది. మరుసటేడు ఆ తేదీ దాటాక పెళ్లయిన చెల్లెలు ఇవతల పడింది. అలాగని చెల్లెలికీ పెద్దగా దక్కలేదు, ఎందుకంటే అప్పుడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోని ఇంకు ప్యాడ్‌కు పని పెరిగింది. పెళ్లికి పెట్టిన కట్నంతో వాటా తీరిపోయిందని, ఇక హక్కు లేదని ఆడపిల్లతో హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేయించడం మామూలైంది. కాదంటే పండక్కి పిలుపు ఉండదు. అన్నదమ్ములతో పేచీ పెట్టుకుని, రేపు మొగుడు పోతే ఎవరి గుమ్మం తొక్కాలని చాలామంది వేలు ముందుకు చాపారు. పసుపు కుంకుమ కింద అరెకరమో పాతిక సెంట్లో రాసిచ్చిన తండ్రులూ ఉన్నారు. అది తండ్రి మంచితనం కిందే చెప్పుకున్నారు గానీ ఆమె హక్కు అని కాదు.

2005 కేంద్ర సవరణ పెళ్లి గీతను చెరిపేసింది. తండ్రి అప్పటికి బతికున్నా లేకున్నా కూతురు వాటాదారే అని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చి చెప్పింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలు చెల్లుతాయి. అక్కడికి అరవైల్లో ఉన్న చాలామందికి దారి మూసుకుపోయింది.

పుట్టింట్లో అలా పోయింది, అత్తింట్లో పేరు ఎక్కలేదు. 1971 నాటి చట్టం కింద పాసు పుస్తకం రికార్డులో ఉన్న హక్కుదారుకే ఇస్తారు. సాగు ఎవరు చేస్తున్నారన్నది దానికి పట్టదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు నడిపేవాళ్లలో ఆడవాళ్లు సుమారు 14 శాతం. మన రాష్ట్రం అంతకంటే మెరుగే, నిజమే. అయితే అది సాగు లెక్క. నష్టపరిహారం పంచేటప్పుడు ఎవరూ గణన పుస్తకం తెరవరు. 2020లో విశాఖ పూలింగ్‌కు వచ్చిన ఉత్తర్వుల్లో డి-పట్టా (ప్రభుత్వ భూమికి పేదలకిచ్చే పట్టా) ఉన్నవారికి ఎకరానికి 900 గజాలు, పట్టా లేకుండా పదేళ్లకు మించి సాగులో ఉన్నవారికి 450 గజాలు అన్నారు. సాగుకు రుజువు కావాలి. జీడితోటలో ఏళ్ల తరబడి పిక్కలేరిన ఆడమనిషి దగ్గర రుజువేముంటుంది, తట్ట తప్ప?

కౌలు రైతుల కోసం 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కు పత్రం కూడా వీళ్లకు అక్కరకు రాదు. అది భూ యజమాని ఒప్పుకుంటే పదకొండు నెలలకు ఇచ్చే కార్డు. మొగుడి పొలాన్ని పెళ్లాం కౌలుకు తీసుకున్నట్టు ఎవరూ కాగితం రాసుకోరు. ఎం.ఎస్. స్వామినాథన్ 2012లో రాజ్యసభలో పెట్టిన మహిళా రైతుల హక్కుల బిల్లు భూమి ఎవరి పేరున ఉన్నా సాగు చేసే ఆడవాళ్లకు రైతు ధ్రువపత్రం ఇవ్వమంది. ప్రభుత్వం కాక సభ్యుడు సొంతంగా పెట్టిన ప్రైవేటు బిల్లు కదా, మురిగిపోయింది.

రెవెన్యూ వాళ్ల వాదన క్లుప్తంగా ఇది: పాసు పుస్తకం హక్కును నమోదు చేస్తుంది, సృష్టించదు, భార్య పేరు కావాలంటే భర్త గిఫ్ట్ డీడ్ రాయొచ్చు. రాయొచ్చు, ఆయన ఒప్పుకుని, రిజిస్ట్రేషన్ ఖర్చు పెట్టుకుంటే. ఇదే పాత విశాఖ జిల్లాలో పాడేరు, అరకు కొండల మీద పద్ధతి మరోలా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవాళ్లకిచ్చే పట్టా దంపతులిద్దరి పేరుతో ఉండాలి. దానికి భర్త సంతకమేమీ అడగలేదు, సెక్షన్‌లోనే రాసేశారు.