గ్రానైట్ కోతకు సెలైన్ పైపు: అపోహలు - వాస్తవాలు

గ్రానైట్ కోసేటప్పుడు బ్లేడు వేడెక్కకుండా, ధూళి లేవకుండా నీళ్లు పెట్టాలి. అందుకు మేకుకు నీళ్ల క్యాన్ తగిలించి, మెడికల్ షాపులో కొన్న సెలైన్ పైపును బ్లేడు మీదికి వదిలితే పనైపోతుందని మా పనివాళ్లలో గట్టి నమ్మకం. నేనూ మొదట అలాగే చేశాను.

అపోహ: చుక్కచుక్కగా పడినా చాలు.

లెక్క వేసి చూడండి. మామూలు సెలైన్ సెట్టులో 20 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. నిమిషానికి 60 చుక్కలు పడ్డా 3 మిల్లీలీటర్లే, అంటే ముప్పాతిక చెంచా కూడా కాదు. కాంక్రీటు కోసే పెద్ద కటాఫ్ మెషిన్లకు బ్రిటన్‌లో నిమిషానికి కనీసం అర లీటరు పెట్టమంటారు. మన ఫోర్ ఇంచ్ చేతి మెషిన్‌కు అంత అక్కర్లేదనుకున్నా, చుక్కలు ఏ మూలకీ రావు. సన్నధారే కావాలి. అర లీటరు చొప్పున వదిలితే 20 లీటర్ల క్యాన్ 40 నిమిషాల్లో ఖాళీ. అందుకే నేను టబ్బు, కూలర్ మోటారు పెట్టుకున్నాను.

అపోహ: నీళ్లు బ్లేడు అంచు మీదే పడాలి.

110 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే అంచు వేగం గంటకు దాదాపు 250 కిలోమీటర్లు. అక్కడ పోసిన నీళ్లు రాయికి చేరవు, మన మొహానికి చేరతాయి. బ్లేడుకు రెండు పక్కలా, నట్టుకు దగ్గరగా వదలాలి. తిరుగుడుకు అవే అంచుదాకా పాకుతాయి. టీ జాయింటు వేసి, ఫ్రిజ్ మెకానిక్ దగ్గర దొరికే సన్న రాగి గొట్టాలు చెరోవైపు వంచి పెట్టాను. బోరు నీళ్ల ఉప్పుకు వాటి మూతులు పూడిపోతుంటాయి, సూదితో పొడుస్తుంటాను.

అపోహ: ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) ఉంది, షాక్ కొట్టదు.

ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. మనిషి కోసం 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉండాలి. చేతి మెషిన్‌ను బల్ల కింద తలకిందులుగా బిగిస్తే నీళ్లన్నీ నేరుగా మోటారులోకే. నేనలా బిగించిన రోజు మా కుర్రాడు తడి బల్ల మీద చెయ్యి పెట్టి, "అన్నా, జిల్లుమంటోంది" అన్నాడు. ఆ బల్లను ఆ సాయంత్రమే విప్పేశాను.

అపోహ: నీళ్లు బ్లేడు మన్నడానికే.

బ్లేడు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. గ్రానైట్‌లో క్వార్ట్జ్, అంటే సిలికా ఖనిజం, 20 నుంచి 60 శాతం దాకా ఉంటుంది. దాని సన్న ధూళి ఊపిరితిత్తుల్లో దిగితే వచ్చేది సిలికోసిస్, ఒకసారి వస్తే నయం కాదు. ఫ్యాక్టరీలో తయారయ్యే క్వార్ట్జ్ పలకల్లో సిలికా చాలావాటిలో 90 శాతం పైనే. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వాటిని నిషేధించింది. నీళ్లున్నా మాస్కు తీయకూడదు. రాతి బురదను తడిగా ఉండగానే ఎత్తేయాలి. ఎండాక ఊడిస్తే మళ్లీ అదే ధూళి.

అపోహ: బ్లేడు ఎర్రబడ్డాక నీళ్లు కొడితే సరి.

సెగ్మెంట్ (బ్లేడు అంచుకు అతికించిన కోసే ముక్క) ఊడి ఎగిరేది సరిగ్గా అప్పుడే. ముందు ధార, తర్వాత స్విచ్.

అపోహ: ఇదే ఏర్పాటు ఇనుము కోసే మెషిన్‌కూ పనికొస్తుంది.

రాదు. ఇనుము కోసే ఆ నల్ల చక్రం రెసిన్ అనే జిగురుతో అతికించినది. తేమ పీల్చి బలం తగ్గుతుంది, బరువు ఒక పక్కకు చేరి తిరిగేటప్పుడు పగలొచ్చు. నీళ్లలో పడిన చక్రాన్ని నేను ఎండబెట్టి కూడా వాడను.