ఫోన్ కూడా ఒక ట్రాన్స్‌మిటరే: సిగ్నల్, 5జీ, టవర్ల మీద అపోహలు – వాస్తవాలు

సిగ్నల్ మాట వచ్చేసరికి అందరి చూపూ టవర్ మీదకే పోతుంది. ఎంత దూరంలో ఉంది, ఎంత గట్టిగా పంపుతోంది, ఎంత రేడియేషన్ చిమ్ముతోంది అనే అడుగుతారు. కానీ కాల్ అంటే రెండు వైపుల రాకపోకలు. టవర్ మీద ఒక్కో 4జీ రేడియో సాధారణంగా 20 నుంచి 40 వాట్లతో పంపుతుంది. చేతిలోని ఫోన్ తన శక్తినంతా కూడదీసుకున్నా 4జీలో పంపగలిగేది 0.2 వాట్లే. ఈ బలహీనమైన వైపును మరిచిపోవడం వల్లే కింద చెప్పే అపోహల్లో చాలావరకు పుట్టాయి.

అపోహ: ఫుల్ సిగ్నల్ ఉందంటే నెట్ వేగంగా రావాలి

తెర మీద కనిపించే గీతలకు అంతర్జాతీయ ప్రమాణమంటూ ఏదీ లేదు. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలో ఫోన్ తయారీదారు ఇష్టం. అందుకే ఒకే బల్ల మీద, ఒకే కంపెనీ సిమ్‌తో పెట్టిన రెండు ఫోన్లలో ఒకటి నాలుగు గీతలు, ఇంకొకటి రెండు గీతలు చూపిస్తాయి.

గీతలు వదిలేసి అంకె చూడండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, స్టేటస్, సిమ్ స్టేటస్ అనే వరుసలో వెళ్తే సిగ్నల్ బలం డీబీఎంలలో కనిపిస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ బటన్ నొక్కితే ఫీల్డ్ టెస్ట్ తెర వస్తుంది. అందులో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అన్నది టవర్ నుంచి మీ దాకా చేరిన బలం. మైనస్ 80, అంతకన్నా మెరుగైతే బాగున్నట్టు. మైనస్ 100 దగ్గర పని నడుస్తుంది. మైనస్ 115 దాటితే కాల్ తెగడానికి సిద్ధంగా ఉన్నట్టే. మైనస్ 80కీ మైనస్ 110కీ మధ్య తేడా 30 అంటే చిన్నదిగా అనిపిస్తుంది గానీ, ఇది లాగరిథమిక్ కొలత. ప్రతి 3కి పవర్ సగమవుతుంది, 30 తగ్గితే వెయ్యో వంతు మిగులుతుంది.

వేగాన్ని తేల్చేది ఈ బలం ఒక్కటే కాదు. దాని పక్కనే ఎస్‌ఐఎన్‌ఆర్ అని ఇంకో అంకె ఉంటుంది. మీకు కావలసిన సిగ్నల్ పక్క సెల్‌ల (పక్క టవర్లు సిగ్నల్ ఇచ్చే ప్రాంతాల) గోల కంటే ఎంత పైన ఉందో అది చెబుతుంది. 20కి పైన ఉంటే టవర్ ఒక్కో సింబల్‌లో (ఒక విడతలో పంపే తరంగపు ముక్కలో) 6 నుంచి 8 బిట్లు కుక్కి పంపగలదు. 0 దగ్గరికి పడిపోతే 2 బిట్లకు దిగిపోతుంది. ఊరి మధ్యలో, ఎత్తైన అపార్ట్‌మెంటు పదో అంతస్తు బాల్కనీలో తరచూ జరిగేది ఇదే. నాలుగైదు టవర్లు నేరుగా కనిపిస్తాయి, గీతలు నిండుగా ఉంటాయి, ఒకదాని సిగ్నల్ ఇంకొకదానికి అడ్డుపడి నెట్ మాత్రం పాకుతుంది. బాల్కనీ వదిలి ఒకే టవర్ వైపు తెరుచుకున్న గదిలోకి వస్తే బలం తగ్గి వేగం పెరగడం చూడవచ్చు.

ఇక రద్దీ. 20 మెగాహెర్ట్జ్ 4జీ సెల్ మామూలు రెండు యాంటెనాల అమరికలో ఇచ్చే గరిష్ఠం సుమారు 150 ఎంబీపీఎస్. అది ఆ సెక్టార్‌లో, అంటే టవర్ ఒక వైపుకు సిగ్నల్ ఇచ్చే భాగంలో, ఉన్న అందరికీ కలిపి. అందరూ టవర్ కిందే ఉన్నారనుకున్నా, రాత్రి తొమ్మిదికి నలభై మంది వీడియోలు చూస్తుంటే తలా నాలుగు కూడా రావు. ఎస్‌ఐఎన్‌ఆర్ బాగుండి కూడా రాత్రిపూట మాత్రమే నెట్ నెమ్మదిస్తోందంటే కారణం రద్దీ. దానికి ఫోన్ మార్చి లాభం లేదు.

అపోహ: పైన 5జీ అని కనిపిస్తే 5జీ వాడుతున్నట్టే

దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న మొదలయ్యాయి. అప్పుడు జియో స్టాండలోన్ పద్ధతిని ఎంచుకుంది. రేడియోతో పాటు వెనక ఉన్న కోర్ (కాల్స్, డేటాను నడిపించే కేంద్ర వ్యవస్థ) కూడా 5జీదే. ఎయిర్‌టెల్ నాన్ స్టాండలోన్‌తో మొదలుపెట్టింది. ఇందులో ఫోన్ ముందు 4జీ సెల్‌కు కట్టుబడి, డేటా అవసరమైనప్పుడు 5జీని పక్కన జోడించుకుంటుంది. ఈ రెండో పద్ధతిలో 'ఈ ప్రాంతంలో 5జీ ఉంది' అన్న సూచనను 4జీ సెల్ ప్రసారం చేస్తుంది. చాలా ఫోన్లు ఆ సూచన వినగానే 5జీ గుర్తు పెట్టేస్తాయి, ఒక్క బిట్ కూడా 5జీ మీద నడవకపోయినా సరే. నిజంగా నడుస్తోందా అన్నది ఫీల్డ్ టెస్ట్ తెరలోనో, నెట్‌మాన్‌స్టర్ లాంటి యాప్‌లోనో ఎన్‌ఆర్ (5జీ రేడియోకు సాంకేతిక పేరు) అన్న వరుసలో బ్యాండ్ (ఫ్రీక్వెన్సీ పట్టీ) నంబరు, డీబీఎం కనిపిస్తేనే తెలుస్తుంది.

బ్యాండ్ నంబరుకే ఎక్కువ విలువ ఇవ్వాలి. ఎన్78 అంటే 3300 మెగాహెర్ట్జ్ ప్రాంతం, అక్కడ 100 మెగాహెర్ట్జ్ వెడల్పు దాకా దొరుకుతుంది. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్. గోడలు దాటి లోపలికి వస్తుంది, కానీ వెడల్పు అందులో పదో వంతు. రెండూ 5జీయే, తెర మీద గుర్తూ ఒకటే, వేగాలకు మాత్రం పొంతన ఉండదు. వంటింట్లో 5జీ కనిపిస్తూ 4జీ అంత వేగమే వస్తోందంటే మీరు ఎన్28 మీద ఉండే అవకాశం ఎక్కువ.

ఎన్78 దగ్గర ఆ బలహీనమైన రెండో వైపు బాగా బయటపడుతుంది. ఫ్రీక్వెన్సీ ఐదు రెట్లయితే, ఏ అడ్డూ లేకపోయినా, అదే దూరంలో అందే సిగ్నల్ 14 డీబీ తగ్గుతుంది, అంటే ఇరవై అయిదో వంతు. టవర్ ఈ నష్టాన్ని 64 ట్రాన్స్‌మిటర్ల ప్యానెల్‌తో, సన్నని బీమ్‌ను మీ వైపే తిప్పి పూడ్చుకుంటుంది. ఫోన్‌కు ఆ వెసులుబాటు లేదు. పైగా ఇది టైమ్ పంచుకునే పద్ధతి కాబట్టి, మామూలు అమరికలో కాలంలో దాదాపు మూడు వంతులు కిందికి, ఒక వంతు పైకి. అందుకే గది లోపల సినిమా బాగానే దిగుతుంది, వీడియో కాల్‌లో మాత్రం మీ బొమ్మ అవతలివాళ్లకు ముక్కలుగా కనిపిస్తుంది. అలాంటి చోట ఫోన్‌ను 4జీకి మార్చుకోవడం వెనకబాటు కాదు, సరైన పని. కాల్ నిలబడుతుంది, ఫోన్ వేడెక్కడం తగ్గుతుంది, చార్జింగ్ మిగులుతుంది.

అపోహ: టవర్ దూరంగా ఉంటేనే ఆరోగ్యానికి మంచిది

ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, లెక్క చూపించాలి. టవర్ యాంటెనా దీపంలా అన్ని వైపులా వెదజల్లదు. నిలువుగా చూస్తే బీమ్ మందం సుమారు 7 డిగ్రీలు. 30 మీటర్ల ఎత్తున, 6 డిగ్రీలు కిందికి వంచి బిగిస్తే దాని మధ్య గీత నేలను తాకేది 285 మీటర్ల అవతల. టవర్ మొదట్లో ఉన్న ఇంటికి అందేది పక్క లీకేజీ మాత్రమే.

నేరుగా బీమ్‌లోనే ఉన్నారనుకుందాం. 20 వాట్ల రేడియో, 17 డీబీఐ యాంటెనా (శక్తిని ఒకే వైపుకు సుమారు 50 రెట్లు కేంద్రీకరించేది), 50 మీటర్ల దూరం. చదరపు మీటరుకు 0.03 వాట్లు వస్తాయి. 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశం పాటిస్తున్న పరిమితి 900 మెగాహెర్ట్జ్ దగ్గర 0.45 వాట్లు. రేడియేషన్ రక్షణ ప్రమాణాలు చెప్పే అంతర్జాతీయ సంస్థ ఐసీఎన్‌ఐఆర్‌పీ అనుమతించిన దానిలో ఇది పదో వంతు. నాలుగైదు రేడియోలు కలిపినా పరిమితి లోపలే. నిజంగా జాగ్రత్త పడాల్సిన చోటు వేరు: మేడ మీది పొట్టి స్తంభానికి బిగించిన యాంటెనాకు ఎదురుగా, అదే ఎత్తులో, కొద్ది మీటర్లలో ఉన్న డాబా. అలాంటి ఇల్లు మీదైతే టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో ఆ టవర్ వివరాలు చూసి, రుసుము కట్టి కొలతలు తీయించుకోవచ్చు.

ఇప్పుడు ఫోన్ వైపు. టవర్ దగ్గరగా ఉంటే అది 'నెమ్మదిగా పంపు, వినిపిస్తోంది' అని ఫోన్‌ను నిరంతరం అదుపు చేస్తుంది. అప్పుడు ఫోన్ మిల్లీవాట్‌లో చిన్న భాగంతోనే సరిపెడుతుంది. టవర్ దూరమైతే పూర్తి 200 మిల్లీవాట్లకు ఎక్కుతుంది, అదీ చెవికి ఆనించుకుని. కాలనీవాళ్లు పట్టుబట్టి టవర్ తీయిస్తే తల దగ్గర పడే రేడియేషన్ పెరుగుతుందే తప్ప తగ్గదు. బలహీన సిగ్నల్ ఉన్న చోట బ్యాటరీ త్వరగా అయిపోవడానికీ ఇదే కారణం. ఫోన్‌లోని యాంప్లిఫయర్ బ్యాటరీ నుంచి లాగిన దానిలో సగం కూడా గాలిలోకి పంపలేదు, మిగతాదంతా వేడిగా పోతుంది.

క్యాన్సర్ సంగతి సూటిగా చెప్పుకోవాలి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ రేడియో తరంగాలను 2బీ వర్గంలో పెట్టింది. పరిమితమైన ఆధారాలు ఉన్నాయి, కొట్టిపారేయలేం అని దాని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగి చేయించిన సమీక్ష 2024లో వెలువడింది. మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం అందులో కనబడలేదు. అయినా జాగ్రత్త కావాలనుకునేవారికి ఖర్చులేని దారి ఉంది: సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట, లిఫ్టులో, కదిలే రైల్లో, ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడండి. మీ ఫోన్ ఎస్‌ఏఆర్ (శరీరం గ్రహించే రేడియో శక్తి) విలువ *#07# కొడితే వస్తుంది. మన దగ్గర పరిమితి ఒక గ్రాము కణజాలం మీద సగటున కిలోకు 1.6 వాట్లు.

టవర్ల వల్లే పిచ్చుకలు తగ్గిపోయాయనే వాదన గురించి ఒక్క మాట. బ్రిటన్‌లో పిచ్చుకలు 1970ల చివరి నుంచే తగ్గుతూ వచ్చాయి, అక్కడ సెల్యులార్ సేవ మొదలైంది 1985లో.

అపోహ: వెనక స్టిక్కర్ అంటిస్తే రేడియేషన్ ఆగుతుంది

నిజంగా ఆపితే ఫోన్ పనిచేయదు. కొంచెం ఆపినా, ఫోన్ ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి పవర్ పెంచుతుంది. లోహపు కవర్లదీ, వెనక అయస్కాంతపు పలక అంటించే కారు హోల్డర్లదీ ఇదే కథ. డబ్బు పెట్టి కొనకండి.

అపోహ: ఇంట్లో సిగ్నల్ లేకపోతే బూస్టర్ కొనుక్కోవడమే దారి

ఆన్‌లైన్‌లో కొన్ని వేలకే దొరికే ఈ పెట్టెలు వీధి మొత్తాన్ని దెబ్బతీస్తాయి. బూస్టర్‌కు డాబా మీద ఒక యాంటెనా, లోపల ఒకటి ఉంటాయి. పెట్టె పెంచేది 65 డీబీ అయితే, ఆ రెండు యాంటెనాల మధ్య వేర్పాటు అంతకంటే కనీసం 15 డీబీ ఎక్కువ, అంటే 80 ఉండాలి. రెండంతస్తుల ఇంట్లో ఒకే స్లాబు అడ్డంతో అంత వేర్పాటు రాదు. దాంతో స్పీకరు ఎదుట మైకు పెడితే కూత పెట్టినట్టు, పెట్టె తన సిగ్నల్‌ను తానే పెంచుకుంటూ పూర్తి పవర్‌తో ఆగకుండా అరుస్తుంది. 100 మిల్లీవాట్లు పంపే పెట్టె, దారిలో 100 డీబీ నష్టపోయినా, టవర్ దగ్గర మైనస్ 80 డీబీఎంగా దిగుతుంది. 10 మెగాహెర్ట్జ్‌లో టవర్ రిసీవర్‌కు సహజంగా ఉండే గోల మైనస్ 101. అంటే వంద రెట్లకు పైగా ఎక్కువ. దూరాన ఉన్న ఫోన్లు బలహీనంగా పంపే సిగ్నల్ అందులో మునిగిపోతుంది. వాళ్ల తెర మీద గీతలు నిండుగానే ఉంటాయి, కాల్ మాత్రం కలవదు. అంబులెన్సుకు చేయాల్సిన కాల్ కూడా అలాగే ఆగిపోతుంది. అనుమతి లేకుండా బూస్టర్ అమ్మడం, పెట్టుకోవడం చట్టవిరుద్ధం. వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ సిబ్బంది దిశ పట్టే యాంటెనాలతో ఇంటిదాకా వచ్చి పట్టుకోగలరు.

బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంటికి మంచి పరిష్కారం వైఫై కాలింగ్. సెట్టింగ్స్‌లో సిమ్ పేరు మీద నొక్కి దాన్ని ఆన్ చేయండి. రౌటర్‌ను సిగ్నల్ రాని గది వైపుకు జరపండి. మైనస్ 70 డీబీఎంకు తగ్గని వైఫై ఉంటే మాట స్పష్టంగా వస్తుంది. ఆన్ చేశాక కూడా కాల్ సెల్ నెట్‌వర్క్ మీదే పోతోందంటే, ఆ గదిలో ఒకసారి ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి వైఫై మాత్రం వేసి ప్రయత్నించండి. కుదిరితే లోపం సెల్, వైఫైల మధ్య మారడంలో ఉంది, సర్వీసులో కాదు.

సగం నిజం: ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తీస్తే సిగ్నల్ బాగుపడుతుంది

సిగ్నల్ పెరగదు. ఫోన్ పట్టుకుని వేలాడుతున్న పాత సెల్‌ను వదిలి కొత్తగా వెతుకుతుంది, అంతే. బస్సు దిగి ఇంట్లోకి వచ్చాక దూరపు సెల్‌కే అతుక్కుని ఉంటే ఇది పనిచేస్తుంది. రోజూ అదే కుర్చీలో కూర్చుని పదేపదే చేస్తే ప్రతిసారీ అదే సెల్ తగులుతుంది.

అపోహ: ఎక్కడ కొన్న ఫోనైనా ఎక్కడైనా పనిచేస్తుంది

బ్యాండ్లు కలిస్తేనే. ఆంధ్ర, తెలంగాణలు కలిసి ఇప్పటికీ ఒకే టెలికాం సర్కిల్. ఇక్కడ కొనేటప్పుడు 4జీలో 1, 3, 5, 8, 28, 40, 5జీలో ఎన్28, ఎన్78 ఉన్నాయో లేదో చూడండి. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ 700 మెగాహెర్ట్జ్ మీద కూడా నడుస్తుంది కాబట్టి పాత ఫోన్‌లో 28 లేకపోతే ఊళ్లో టవర్ ఉన్నా ఇంట్లోకి అందకపోవచ్చు. పిల్లలు అమెరికా నుంచి తెచ్చే ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లకు సిమ్ గూడే ఉండదు, ఈసిమ్ తీసుకోవాల్సిందే. అటు వెళ్లే అమ్మానాన్నలకు ఇంకో చిక్కు. అక్కడ పెద్ద కంపెనీలు 2022లోనే 3జీని మూసేశాయి. కొన్ని కంపెనీలు తాము ఒప్పుకున్న మోడళ్లలోనే 4జీ కాల్ ఇస్తాయి. మిగతా ఫోన్లలో నెట్ వస్తుంది, కాల్ కలవదు. బయల్దేరే ముందే అక్కడి కంపెనీ సైటులో ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) వేసి చూసుకోండి. *#06# కొడితే ఆ నంబరు వస్తుంది.

అపోహ: 5జీకి కొత్త సిమ్ కావాలి

మన దేశంలో 4జీ సిమ్ చాలు. 'సిమ్ అప్‌గ్రేడ్' అని లింకు పంపేవారికి కావలసింది మీ నంబరు, దాంతో వచ్చే ఓటీపీలు. చుట్టూ అందరికీ సిగ్నల్ ఉండి మీ ఒక్కరి ఫోన్‌లో ఉన్నట్టుండి 'నో సర్వీస్' వస్తే ఇంకో ఫోన్ నుంచి వెంటనే కంపెనీకీ బ్యాంకుకీ చెప్పండి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. పొలంలో టవర్ పెడతామంటూ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పేరుతో వచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) లేఖలూ ఇలాంటి మోసాలే. టవర్లకు ట్రాయ్ ఎలాంటి ఎన్‌ఓసీ ఇవ్వదు.

అపోహ: మొబైల్ పిడుగును లాగుతుంది

వానాకాలంలో చేలల్లో పిడుగుపాటు మరణాలు జరిగినప్పుడల్లా ఈ మాట వస్తుంది. పిడుగు వెతికేది ఎత్తును. బయలు పొలంలో నిలబడిన మనిషి, ఒంటరి చెట్టు దానికి దారి. 0.2 వాట్ల రేడియో తరంగం గాలిని వాహకంగా మార్చలేదు. ప్రమాదం తీగతోనే: ఉరుములప్పుడు చార్జింగ్‌లో పెట్టిన ఫోన్‌లో మాట్లాడొద్దు. కరెంటు లైను మీద పడిన పిడుగు చార్జర్ ద్వారా రావచ్చు.

ఈ అపోహతో ఫోన్ ఆపేసుకోవడం వల్ల జరిగే నష్టం పెద్దది. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారు చేసిన దామిని యాప్ పంపే పిడుగు హెచ్చరిక అందేది ఆ ఫోన్‌కే. ఉరుము వినిపిస్తే పక్కా ఇంట్లోకి వెళ్లి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. ఎవరికైనా పిడుగు తగిలితే వాళ్ల ఒంట్లో కరెంటు నిలిచి ఉండదు, ముట్టుకోవచ్చు. 108కి కాల్ కలిపి స్పీకర్‌లో పెట్టండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి.