ఫీజు రసీదులో అన్ని లైన్లు ఎందుకంటే

బిడ్డలూ,

మొన్న పెద్దమ్మాయి పీజీలో చేరి, ఫీజు కట్టిన రసీదు ఫొటో మన ఇంటి గ్రూపులో పెట్టి "తాతా, కట్టింది ఒక్కసారే, ఇందుల ఇన్ని లైన్లెందుకు?" అని అడిగింది. దాని కిందనే చిన్నోడు "అయినా తాత యూనివర్సిటీల ఏం పని చేసిండు, పాఠాలైతే చెప్పలేదు గదా" అని రాశాడు. ఇద్దరికీ జవాబు ఒకటే. ఫోన్లో టైపు చేయాలంటే నాకు అరగంటకు మూడు లైన్లు, అందుకే కాగితం మీద రాసి మీ నాన్నతో ఫొటో తీయించి పంపుతున్నా. అక్షరాలు అర్థం కాకపోతే నానమ్మను అడగండి, ఆమెకు అలవాటే.

నేను పాఠాలు చెప్పలేదు, నిజమే. ఫైనాన్స్ సెక్షన్లో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయాను. అక్కడ నోట్ల కట్టలు ఉంటాయనుకుంటారు అందరూ, మీ నానమ్మ కూడా పెళ్లయిన కొత్తలో అట్లనే అనుకుంది. అక్కడ ఉండేవి కాగితాలు. పైసలు బ్యాంకులో ఉంటాయి, ఆ పైసలకు పేర్లు మా దగ్గర ఉంటాయి.

ఆ పేరునే పద్దు అంటాం. నీ రసీదులో ఉన్న ఒక్కో లైనూ ఒక్కో పద్దు. ఆటల ఫీజని తీసుకున్నది ఆటలకే పెట్టాలి, లైబ్రరీ ఫీజుతో హాస్టల్లో మోటారు బాగు చేయించకూడదు. పరీక్ష ఫీజు పరీక్షల విభాగం ఖర్చులకు పోతుంది, అంటే ప్రశ్నపత్రాల అచ్చు, పేపర్లు దిద్దినవాళ్లకు ఇచ్చేది, చెకింగుకు వచ్చే స్క్వాడ్ వాళ్ల బండి ఖర్చు, ఇట్లాంటివి. చివర్లో కాషన్ డిపాజిట్ అని ఒక లైనుంది చూడు, అది అసలు యూనివర్సిటీ పైసలే కాదు, నీవి. నువ్వు పుస్తకాలు తిరిగిచ్చి, ల్యాబులో ఏదీ పగలగొట్టకుండా చదువు ముగించి పోయేదాకా మా దగ్గర దాచిపెట్టినట్టు. మా పుస్తకాల్లో అది ఆదాయం కింద రాయం, అప్పు కింద రాస్తాం.

మరి యూనివర్సిటీ మీ ఫీజుల మీదనే నడుస్తుందా అంటే, నడవదు. జీతాలకు, పెన్షన్లకు రాష్ట్ర ప్రభుత్వం బ్లాక్ గ్రాంటు అని ఇస్తుంది, అది బడ్జెట్లో రాసినంతా ఒక్కసారే రాదు, విడతలు విడతలుగా వస్తుంది. జీతం మాత్రం ప్రతి ఒకటో తారీఖున ఇయ్యాలె. మన బత్తాయి తోట లెక్కే అనుకోండి, కాత అమ్మినప్పుడే పైసలు కనిపిస్తాయి, ఖర్చు మాత్రం నెలనెలా తప్పదు. తక్కువ పడ్డ చోట యూనివర్సిటీ సొంత రాబడి అక్కరకొస్తుంది. కోర్సు ఫీజులు, పరీక్ష ఫీజులు, జిల్లాలో ఉన్న డిగ్రీ కాలేజీలు యూనివర్సిటీ కింద నడిచేందుకు కట్టే అఫిలియేషన్ ఫీజు, ఇవి. మా కాలంలో నల్లగొండైనా పాలమూరైనా డిగ్రీ కాలేజీలు ఉస్మానియా కిందనే ఉండేవి, కాబట్టి ఆ ఫీజులన్నీ హైదరాబాదుకే పోయేవి. 2007లో అన్నెపర్తి దగ్గర మన మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చాక ఆ లెక్కలు జిల్లాకు వచ్చాయి. లెక్కలతో పాటు తలనొప్పులూ వచ్చాయనుకోండి.

యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, అని వింటారు కదా, 1956 చట్టంతో ఏర్పడ్డ సంస్థ. దాని చట్టంలో 12బి సెక్షన్ కింద గుర్తింపు ఉంటేనే ఒక యూనివర్సిటీకి కేంద్రం నిధులకు అర్హత. ఆ పైసలు ఫలానా పనికి అని రాసే వస్తాయి. ఇక మీ ఫీజు రీయింబర్స్‌మెంటు సంగతి మీకే బాగా తెలుసు, ట్యూషన్ ఫీజు కాలేజీకి, మీ తిండి, ఉండే ఖర్చుకు ఇచ్చే మెయింటెనెన్సు మీ ఖాతాకు. ఎప్పుడు పడుతుందని నన్ను అడగకండి.

సెక్షన్లో ఎవరెవరుంటారో తొందరగా చెప్పేస్తా. పైన ఫైనాన్స్ ఆఫీసర్, మేం ఎఫ్ఓ సారు అనేవాళ్లం. ఆయన కింద డిప్యూటీ రిజిస్ట్రారు, అసిస్టెంట్ రిజిస్ట్రారు, తర్వాత మావంటి సూపరింటెండెంట్లు, అసిస్టెంట్లు. జీతాలు ఒకరు, పెన్షన్లు ఒకరు, బిల్లులు, ప్రాజెక్టులు, బడ్జెట్టు, క్యాష్ బుక్కు, అట్ల పంచుకుంటారు. బడ్జెట్టు మేం తయారుచేస్తే ఫైనాన్స్ కమిటీ చూస్తుంది, పాలకమండలి ఆమోదిస్తుంది. జీతాల సీటులో నాలుగేళ్లు కూర్చున్నా నేను. వృత్తి పన్ను రెండు వందలు, ఆదాయపు పన్ను, సొసైటీ అప్పు, ఇన్సూరెన్సు, ఇవన్నీ కోసి మిగిలింది ఇయ్యాలె. ఎవరి జీతంలో ఎంత అప్పు కోత పోతుందో మొత్తం క్యాంపస్‌లో మాకే తెలుస్తుంది, తెలిసినా నోరు మూసుకొని టీ తాగాలె. ఆ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టం అదే.

ఇప్పుడు ఒక బిల్లు సంగతి. కెమిస్ట్రీ డిపార్టుమెంటుకు గాజు బీకర్లు కావాలనుకోండి. హెడ్డు సారు ఇండెంటు, అంటే ఫలానా సామాను కావాలని కాగితం, రాస్తారు, మూడు దుకాణాల నుంచి కొటేషన్లు తెప్పిస్తారు, తక్కువ ధర ఎవరిదో పట్టిక వేసి ఫైలు పైకి పంపుతారు, వీసీ గారో రిజిస్ట్రారు గారో మంజూరు చేస్తారు. సామాను వచ్చాక స్టాకు రిజిస్టర్లో ఎక్కించి, ఏ పేజీలో ఎక్కించారో బిల్లు వెనక రాసి సంతకం పెట్టాలె. అప్పుడు మా దగ్గరికి వస్తుంది. మేం చూసేది ఏంటంటే, ఈ పద్దులో పైసలు మిగిలి ఉన్నాయా, మంజూరు చేసిన చేతికి అంత మంజూరు చేసే అధికారం ఉందా, కూడిక సరిపోయిందా, పన్ను కోయాలా, ఇదే బిల్లుకు ఇంతకుముందే ఒకసారి పైసలిచ్చామా. మంజూరు చేసే సారు చెక్కు రాయడు, చెక్కు రాసేవాళ్లు మంజూరు చేయరు. ఇద్దరూ ఒక్కరే అయితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంత అయినా ఏడాది తిరిగేసరికి ఆడిట్ వాళ్లు వచ్చి ఒక్కో ఓచరు, అంటే పైసలిచ్చినందుకు రుజువు కాగితం, తిప్పి చూస్తారు, పేజీ నంబరు లేకపోతే ఆబ్జెక్షన్ రాస్తారు, దానికి మళ్లీ మేం జవాబు రాయాలె. అందుకే "ఫైనాన్స్‌ల ఫైలు ఆగింది" అని ప్రొఫెసర్లు మమ్మల్ని తిట్టుకునేవాళ్లు. సగం సార్లు తప్పు వాళ్లదే. సగం సార్లు మాదే, అది కూడా చెప్తా.

నేను ప్రాజెక్టుల సీటులో ఉన్నప్పుడు ఒక సారుకు పరిశోధన కోసం బయటి నుంచి పైసలొచ్చాయి. మొదటి విడత ఖర్చు పెట్టి, ఇదిగో ఇట్ల వాడినం అని యూసీ, అంటే వినియోగ పత్రం పంపితేనే రెండో విడత పంపుతారు. అంతా సిద్ధం, ఒక్క ఓచరు దొరకలేదు. చిన్న మొత్తమే, కెమికల్స్ బిల్లు. అది లేకుండా లెక్క కలవదు, లెక్క కలవకుండా సంతకం పెట్టరు. ఆ ప్రాజెక్టులో దేవరకొండ దిక్కు పిల్లగాడు ఒకడు ఫెలోషిప్పు, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే పైసల, మీద పని చేసేవాడు. రెండో విడత రాలేదు కాబట్టి అతని ఫెలోషిప్పు ఆగింది. ఒక నెల, రెండు నెలలు, ఐదు నెలలు. రోజు విడిచి రోజు వచ్చి నా టేబులు పక్కన నిలబడి "సార్, ఇయ్యాల ఏమన్న వచ్చిందా" అనేవాడు, ఒక్కనాడు గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది అనిపించేది నాకు. చివరికి ఆ ఓచరు ఎక్కడ దొరికిందనుకున్నారు? వేరే ఫైల్లో పేజీ గుర్తుకని మడిచి పెట్టి ఉంది. మడిచింది నేనే. ఆ రోజు సాయంత్రం యూసీ నేనే టైపు చేయించి, సంతకాలు పెట్టించి, పోస్టులో వేసి వచ్చి, అన్నం తినకుండా పడుకున్నా. నానమ్మకు జ్వరమని చెప్పా, ఇప్పుడు చదివితే తెలుస్తుంది ఆమెకు.

మార్చి నెల గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే. మన లెక్కల ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా. పదకొండు నెలలు ఊసెత్తని డిపార్టుమెంట్లు కూడా మార్చి మూడో వారంలో బిల్లులు పట్టుకొని పరుగెత్తుకొస్తాయి, పద్దులో మిగిలిన పైసలు మార్చి 31 రాత్రి దాటితే పోయినట్టే అని. కారిడార్ నిండా జనం, టేబులు నిండా ఫైళ్లు. మీ నాన్న పుట్టినరోజు మార్చి 30 కదా, ఒక్కసారి కూడా నేను వెలుగుండగా ఇంటికి రాలేదు.

అమ్మాయీ, నీకు ఒక్క పని. ఆ రసీదు మిషన్లో వచ్చిన కాగితంలా ఉంది, రెండేళ్లలో అక్షరాలు మాసిపోతాయి. ఇయ్యాలనే రెండు జెరాక్సులు తీయించి ఒకటి నాకు పంపు. చదువైపోయి నో డ్యూస్, అంటే బాకీ ఏమీ లేదన్న కాగితం, తీసుకున్న రోజే కాషన్ డిపాజిట్‌కు దరఖాస్తు పెట్టు, టీసీ చేతికి రాగానే అందరూ ఆ సంగతి మరిచిపోతారు.

మీ తాత,
నల్లగొండ