స్టార్లు, కొత్త అభిమానులు బాక్సింగ్‌కు మేలా, చేటా? ఒక కోచ్ చూసిన అపోహలు - వాస్తవాలు

2022 మే 19న నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ మరుసటి వారం నుంచే కూతుళ్లను వెంటబెట్టుకుని తల్లిదండ్రులు మా శిక్షణ కేంద్రానికి రావడం మొదలైంది. అంతకుముందు మా దగ్గర అమ్మాయిలు ఇద్దరో ముగ్గురో ఉండేవారు. "ఇదంతా పాలపొంగు, రెండు నెలల్లో చల్లారుతుంది" అన్నారు తోటి కోచ్ ఒకరు. ఆయన అన్నట్టే చాలామంది వెళ్లిపోయారు. అయినా ఆయన మాటను నేను ఒప్పుకోను.

అపోహ: వెలుగంతా ఒక్క స్టార్ మీదే పడితే మిగతా బాక్సర్లు చీకట్లో ఉండిపోతారు.

వాస్తవం: 2024 నవంబర్ 15న టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో, యూట్యూబ్‌తో పేరు తెచ్చుకున్న జేక్ పాల్ ఒకప్పటి హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్, 58 ఏళ్ల మైక్ టైసన్‌తో తలపడ్డాడు. రెండేసి నిమిషాల ఎనిమిది రౌండ్లు. ఆ వయసు మనిషిని రింగులోకి దించడమే తప్పని నా అభిప్రాయం. కానీ అదే రాత్రి, అదే రింగులో, అంతకుముందు మహిళా బాక్సర్లు కేటీ టేలర్, అమాండా సెరానో పది రౌండ్లు పోరాడారు. కంటి పైన చీలి రక్తం కారుతున్నా సెరానో వెనక్కి తగ్గలేదు. టైసన్ కోసం టీవీ ముందు కూర్చున్న కోట్లమంది ఆ పోరు చూశారు. ఆ ఇద్దరూ 2022లోనే తమ మొదటి పోరుతో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ స్టేడియాన్ని నింపినవాళ్లు కాబట్టి, టైసన్ వల్లే వాళ్లకు పేరు వచ్చిందని నేను అనను. బాక్సింగ్ ఊసే లేని ఇళ్లలోకి మాత్రం ఆయన పేరే వాళ్లను తీసుకెళ్లింది. 2025 జులై 11న వాళ్ల మూడో పోరు మళ్లీ గార్డెన్‌లోనే జరిగింది. ఆ రాత్రి పోటీలన్నీ మహిళలవే.

అపోహ: ఎప్పుడో ఒకసారి చూసేవాళ్లకు నాకౌట్ తప్ప ఏదీ పట్టదు, ఆట అర్థం కాదు.

వాస్తవం: ఆర్లింగ్టన్‌లో జరిగిన టేలర్ - సెరానో పోరు చూసిన మా విద్యార్థి తల్లి ఒకామె, "సెరానోయే ఎక్కువ కొట్టింది కదా సార్, టేలర్ ఎలా గెలిచింది?" అని అడిగింది. ముగ్గురు జడ్జీలూ టేలర్‌కే 95-94 అని ఇచ్చారు. నేను బోర్డు మీద లెక్క వేసి చూపించాను. రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి మామూలుగా 9. టేలర్‌కు ఆరు రౌండ్లు, సెరానోకు నాలుగు ఇస్తే 96-94 అవుతుంది. తల తగిలిస్తున్నందుకు ఎనిమిదో రౌండులో రిఫరీ టేలర్‌కు ఒక పాయింటు కోసేశాడు కాబట్టి 95. ఏ రౌండు లెక్క ఆ రౌండుకే. అంతా విని ఆమె, "అయితే ఒక రౌండులో ఎంత ఎక్కువ కొట్టినా అది పక్క రౌండుకు కలవదన్నమాట" అంది. ఈ సంగతి ఎక్కించడానికి నేను కొందరు బాక్సర్లతోనే నెలల తరబడి కష్టపడ్డాను. చూసేవాళ్లకు తెలివి లేక కాదు, వాళ్లకు విడమరిచి చెప్పేవాళ్లు లేకపోవడమే మా రంగంలోని లోపం.

2015 మే 2న పేరున్న ఇద్దరు ఛాంపియన్లు ఫ్లాయిడ్ మేవెదర్, మానీ పకియావ్ తలపడ్డ పోరును టీవీలో చూడటానికి అమెరికాలో దాదాపు వంద డాలర్ల చొప్పున పెట్టి 46 లక్షల కనెక్షన్లకు కొనుక్కున్నారు. పోరు చప్పగా ఉందని చాలామంది నిరాశపడ్డారు. మేవెదర్ డిఫెన్స్, అంటే దెబ్బలు తప్పించుకునే నేర్పు, తెలియక అలా అన్నారని బాక్సింగ్ తెలిసినవాళ్లు వాళ్లనే ఈసడించారు. 2009 నుంచి చర్చలు సాగదీసి, ఒకరికి 38, మరొకరికి 36 ఏళ్లు వచ్చాక ఆ పోరు పెట్టినవాళ్లను కదా అడగాల్సింది!

అపోహ: ఒక్క ఓటమి కూడా లేని రికార్డే గొప్ప బాక్సర్‌కు గుర్తు.

వాస్తవం: స్టార్ల వల్ల నిజంగా చేటు జరిగేది ఇక్కడే. మేవెదర్ 50-0 రికార్డు (50 గెలుపులు, ఒక్క ఓటమీ లేదు) చూసి పెరిగిన పిల్లలు ఓటమిని అవమానంగా భావిస్తున్నారు. గట్టి ప్రత్యర్థి ఎదురైతే జ్వరం వచ్చిందని చెప్పి పిల్లవాణ్ని పోటీ నుంచి తప్పించిన తండ్రులు నాకు తెలుసు. వాళ్లకు నేను పాతకాలపు అమెరికా బాక్సర్ షుగర్ రే రాబిన్సన్ సంగతి చెబుతాను. వరుసగా 40 పోరాటాలు గెలిచి, 1943 ఫిబ్రవరి 5న డెట్రాయిట్‌లో జేక్ లమొట్టా చేతిలో ఓడాడు. మూడు వారాలకే అదే ఊళ్లో అదే మనిషితో మళ్లీ తలపడి గెలిచాడు. ఇద్దరూ మొత్తం ఆరుసార్లు పోరాడారు, అయిదుసార్లు గెలుపు రాబిన్సన్‌దే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడినప్పుడు "ఇక ఆమె పని అయిపోయింది" అన్నవాళ్లున్నారు. ఆ వూ యూయే చివరికి స్వర్ణం గెలిచిందని వాళ్లలో ఎంతమంది గమనించారు?

అపోహ: స్టార్‌ను చూసి వచ్చిన పిల్లలు నిలవరు.

వాస్తవం: 2022లో వచ్చినవాళ్లు వెళ్లిపోవడంలో నా తప్పు చాలా ఉంది. పంచ్ కొట్టాలన్న ఆశతో వచ్చిన పిల్లలకు రెండు నెలలపాటు స్కిప్పింగ్, నిలబడే తీరు, అడుగులు మాత్రమే నేర్పించాను. ఇప్పుడు రెండో రోజే చేతులకు బ్యాండేజీ చుట్టి నేను పట్టుకున్న ప్యాడ్ల మీద జాబ్ (ముందు చేత్తో సూటిగా కొట్టే పంచ్) కొట్టిస్తున్నాను. మేవెదర్‌ను చూసి ఎడమ చెయ్యి నడుం దగ్గరకు దించేవాళ్లను మాత్రం గార్డు (ముఖాన్ని కాపాడే చేతులు) పైకెత్తేదాకా స్పారింగ్‌కు (ఒకరితో ఒకరు తలపడే సాధనకు) పంపను.

ఆ గుంపులో నలుగురు అమ్మాయిలు నిలిచారు. మానేసిన ఒక అమ్మాయి తండ్రికి సొంత వ్యాను ఉంది. జిల్లా పోటీలు ఎక్కడ జరిగినా మా పిల్లలను అందులో ఎక్కించుకుని వెళతారు. డీజిల్ డబ్బులు ఇవ్వబోతే తీసుకోరు. దారి పొడుగునా పిల్లలను కిందటి పోరులో ఎన్ని రౌండ్లు గెలిచారో అడుగుతూనే ఉంటారు.