తోడేలుకి 50 డాలర్లు: మోంటానాలో బయట రాష్ట్రాల వేటగాళ్ల లైసెన్సు వెనక కథ

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో తోడేళ్ల గొడవ మళ్ళీ రాజుకుంది. 2025 ఆగస్టులో అక్కడి వన్యప్రాణి కమిషన్ ఒక్క సీజన్‌లో చంపొచ్చిన తోడేళ్ల కోటాని 334 నుంచి 458కి పెంచింది, రాష్ట్రం మొత్తంలో ఉన్నవే సుమారు 1,100 అని వాళ్ల లెక్కే చెప్తోంది. అదే నెలలో మిసౌలాలో ఫెడరల్ జడ్జి డొనాల్డ్ మొల్లాయ్, పశ్చిమ రాష్ట్రాల తోడేళ్లకి మళ్ళీ రక్షణ అక్కర్లేదని కేంద్ర వన్యప్రాణి శాఖ 2024లో తీసుకున్న నిర్ణయాన్ని కొట్టేశారు. దాంతో రెండు వైపులా అరుపులు మొదలయ్యాయి.

1995లో కెనడా నుంచి తోడేళ్లని తెచ్చి ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్‌లో వదలడం, 2011లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) బడ్జెట్ బిల్లులో ఒక క్లాజ్ దూర్చి మోంటానా, ఐడహోల్లో వాటికి రక్షణ తీసేయడం అందరూ రాస్తున్నదే, అది మళ్ళీ చెప్పను. నా దృష్టిలో అసలు మలుపు 2013 ఫిబ్రవరిలో ఉంది, దాని గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడట్లేదు.

అంతకు రెండు నెలల ముందు, 2012 డిసెంబర్‌లో, 832ఎఫ్ అనే ఆడ తోడేలుని ఎల్లోస్టోన్ పార్క్ బయట, పక్క రాష్ట్రం వయోమింగ్‌లో ఒక వేటగాడు కాల్చేశాడు. చట్టప్రకారం తప్పేమీ లేదు. కానీ పార్క్‌లోని లామార్ వ్యాలీకి వచ్చే టూరిస్టులు ఏళ్ల తరబడి చూస్తూ వచ్చిన తోడేలు అది, మెడకి రేడియో కాలర్ ఉంది, దాని గుంపు మీద పార్క్ సైంటిస్టులు రీసెర్చ్ చేస్తున్నారు. అప్పటికే ఆ సీజన్‌లో కాలర్ ఉన్న పార్క్ తోడేళ్లు ఇంకొన్ని కూడా పోయాయి. దేశమంతా గోల అయ్యేసరికి మోంటానా కమిషన్ తన వైపు పార్క్ సరిహద్దులో కొంత ప్రాంతంలో తోడేళ్ల వేట ఆపింది. జనవరి మొదట్లోనే, ప్రజలకి సరిగ్గా నోటీసు ఇవ్వలేదని లోకల్ జడ్జి ఆ ఆర్డర్‌కి బ్రేక్ వేశారు, వెంటనే విషయం అసెంబ్లీకి వెళ్లింది.

అసెంబ్లీ చేసిన పని హౌస్ బిల్ 73. డెమోక్రాట్ గవర్నర్ స్టీవ్ బుల్లక్ సంతకం కూడా పెట్టేశారు, అంటే ఇది ఒక్క పార్టీ పాపం కాదు. కోటా నిండకుండా నేషనల్ పార్క్ పక్కన తోడేళ్ల వేట ఆపకూడదని కమిషన్ చేతులు కట్టేశారు, తోడేళ్లని పిలిచే ఎలక్ట్రానిక్ సౌండ్లకి పర్మిషన్ ఇచ్చారు, ఒక్కరే ఒకటికంటే ఎక్కువ లైసెన్సులు కొనుక్కోవచ్చన్నారు, వీటన్నిటితో పాటు బయట రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లకి తోడేలు లైసెన్సు 350 డాలర్ల నుంచి 50 డాలర్లకి దించారు.

ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అందులోనే కథంతా ఉంది, ఎందుకంటే బయటివాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేసే హక్కు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచిన రాష్ట్రం ఇదే. 1978లో వచ్చిన బాల్డ్విన్ కేసు. అప్పట్లో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి మోంటానా వాళ్లకి 9 డాలర్లు, బయటివాళ్లయితే 225 డాలర్ల కాంబినేషన్ లైసెన్సు కొనాల్సిందే. మోంటానాలోనే ఉండే ఒక గైడు, మిన్నెసోటా వేటగాళ్లు కొందరు కలిసి ఇది వివక్ష అని కేసు వేశారు. ఎల్క్ మంద పరిమితం, దాన్ని కాపాడే ఖర్చు మా జనం ఏడాది పొడుగునా భరిస్తున్నారు, సరదాకి వచ్చేవాడు ఎక్కువ కట్టాలి అని రాష్ట్రం వాదించింది, కోర్టు 6-3తో ఒప్పుకుంది, సరదా వేట ప్రాథమిక హక్కు కాదని చెప్పింది. న్యాయమైన వాదనే అది, నేనూ ఒప్పుకుంటాను. మరి కాపాడుకోవాల్సిన జంతువుకి రేటు పెంచి బయటివాళ్లని అదుపులో పెట్టిన రాష్ట్రం తోడేలు దగ్గరికొచ్చేసరికి రేటు ఏడో వంతుకి దించిందంటే దాని అర్థం ఒకటే, ఈ జంతువు తగ్గాలి, తగ్గించడానికి బయటినుంచి కూడా మనుషులు రావాలి.

ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల లైసెన్సు తీసుకుని క్రూరమృగాన్ని వేటాడటమే మనకి అలవాటు లేని విషయం, కాబట్టి ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. కేవలం తోడేలు కోసం అంత దూరం వచ్చేవాళ్లు తక్కువ. ఎల్క్, జింక వేటకి వెయ్యి డాలర్లు దాటి కట్టి వచ్చినవాడికి ఇంకో 50 పెద్ద లెక్క కాదు, లైసెన్సు జేబులో ఉంటుంది, కనిపిస్తే కాలుస్తాడు. పక్క రాష్ట్రాల్లో ఇంకా సులువు. వయోమింగ్‌లో దాదాపు 85 శాతం నేలలో తోడేలుని చంపడానికి లైసెన్సే అక్కర్లేదు, సీజనూ లేదు. ఐడహో 2021లో ఒక్కొక్కరు ఎన్ని ట్యాగులైనా (ఒక్కో తోడేలుకి ఒక్కో పర్మిట్) కొనుక్కోవచ్చని చట్టం చేసింది.

2021లో జరిగినదాన్ని కూడా ఇందులోంచే చూడాలి. 2013 చట్టం కోటా నిండితేనే పార్క్ పక్కన వేట ఆపాలంది. ఎల్లోస్టోన్‌కి ఉత్తరాన ఉన్న 313, 316 అనే వేట ప్రాంతాల్లో (యూనిట్లలో) ఆ కోటా చాలా తక్కువ ఉండేది, అంతవరకు అదే పార్క్ తోడేళ్లకి గోడ. 2021 ఆగస్టులో కమిషన్ ఆ కోటానే ఎత్తేసింది. ఆ చలికాలంలో పార్క్ గుంపుల్లోంచి 25 తోడేళ్లు పోయాయి, 19 మోంటానాలోనే, ఫాంటమ్ లేక్ అనే గుంపు మొత్తం లేకుండా పోయింది. పార్క్ సూపరింటెండెంట్ క్యామ్ షోలీ వేట ఆపమని గవర్నర్ గ్రెగ్ జియాన్‌ఫోర్టేకి ఉత్తరం రాస్తే, పార్క్ దాటి మోంటానాలో అడుగుపెట్టిన తోడేలుని రూల్స్ ప్రకారం వేటాడొచ్చు అన్నట్టు జవాబొచ్చింది. ఈ గవర్నర్ అంతకుముందు ఫిబ్రవరిలో పార్క్ బయట కాలర్ ఉన్న ఒక తోడేలుని ఉచ్చులో పట్టి చంపారు, దానికి ముందు చేయాల్సిన ట్రాపింగ్ కోర్సు చేయలేదని వార్నింగ్ కూడా అందుకున్నారు. తర్వాత ఏడాదికి పార్క్ పక్కన 6 అని కోటా మళ్ళీ పెట్టారు, కానీ అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

రెండో వైపు మాట కూడా ఉంది. పార్క్ ఉత్తర గేటు దగ్గరున్న గార్డినర్ ఊరి చుట్టుపక్కల వేటగాళ్లని తీసుకెళ్లే గైడ్లు ఉత్తర ఎల్లోస్టోన్ ఎల్క్ మంద మీద బతికేవాళ్లు, 1990ల్లో 19,000 దాకా ఉన్నది 2013కి 4,000 లోపుకి పడింది, చాలామంది వ్యాపారం పోయింది. గొడ్లు పెంచేవాళ్ల నష్టం కూడా నిజం. అయితే ఎల్క్ తగ్గడంలో గ్రిజ్లీ ఎలుగుబంట్లు, కూగర్లు (కొండ సింహాలు), కరువు, అదే మంద మీద ఏళ్లపాటు సాగిన మనుషుల వేట, అన్నిటి పాత్రా ఉంది, నింద మాత్రం ఒక్క తోడేలు మీద పడింది. తోడేళ్లని చూడటానికి వచ్చే జనం ఆ చుట్టుపక్కల ఏడాదికి 3.5 కోట్ల డాలర్లు ఖర్చు పెడతారని మోంటానా యూనివర్సిటీ స్టడీ 2006లోనే చెప్పింది. ఎండాకాలం అక్కడికి వెళ్లే మన తెలుగువాళ్లు కూడా ఆ లెక్కలో ఉన్నవాళ్లే. వాళ్ల డబ్బు గార్డినర్ హోటళ్లకి వెళ్తుంది, లైసెన్సు డబ్బు వన్యప్రాణి శాఖకి వెళ్తుంది, కమిషన్ ముందు ఎవరి మాట గట్టిగా వినపడుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

మొల్లాయ్ తీర్పుతో వేట ఆగిపోలేదు, శాఖ మళ్ళీ మొదటినుంచి పరిశీలించాలి అంతే. ఇప్పుడు అందరూ 458 మీదే కొట్టుకుంటున్నారు. కోటా కమిషన్ చేతిలో పని, వచ్చే ఏడు మార్చుకోవచ్చు. 50 డాలర్ల రేటు మాత్రం చట్టంలో ఉంది, దాన్ని కమిషన్ ముట్టుకోలేదు. మోంటానా అసెంబ్లీ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లోనే కూర్చుంటుంది కాబట్టి ఎవరైనా బిల్లు పెట్టాలన్నా మామూలుగా అయితే 2027 జనవరి దాకా ఆగాల్సిందే.