బీపీ, షుగర్ వైద్యం: క్లినిక్‌లో రోజూ ఎదురయ్యే అపోహలు

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ పేషెంట్లను చూసే డాక్టర్‌గా ఇది రాస్తున్నాను. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం తేల్చింది. బీపీ ఉన్నవాళ్లు అంతకు మూడింతలు. వీళ్లకు కావాల్సిన మందులు దశాబ్దాలుగా ఉన్నాయి, చాలావరకు చవకే. అయినా పక్షవాతం వచ్చాక, కిడ్నీలు దెబ్బతిన్నాక మా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గడం లేదు. మందు నెలనెలా మనిషికి అందాల్సిన దారి మధ్యలో ఎక్కడో తెగిపోతోంది. అలా తెగడానికి కారణమయ్యే అపోహల్లో కొన్ని జనానివి, కొన్ని మా వైద్య సిబ్బందివి.

అపోహ: పెద్దాసుపత్రిలో స్పెషలిస్టు చూస్తేనే బీపీ కంట్రోల్ అవుతుంది.

2018లో తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాల్లో ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అనే బీపీ అదుపు కార్యక్రమం కింద పని మొదలైంది. తొలి రెండేళ్ల ఫలితాల్లో బీపీ అదుపులో ఉన్నవాళ్ల శాతం పెద్దాసుపత్రుల్లో కన్నా పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో), ఊళ్లోని వెల్‌నెస్ సెంటర్లలో ఎక్కువగా కనిపించింది. అక్కడ చేసిందల్లా మామూలు పనే. అందరికీ ఒకే చికిత్స పద్ధతి, చాలాచోట్ల ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్రతో మొదలు. నెల తర్వాత మళ్లీ చూసి, తగ్గకపోతే మందు పెంచడం. ప్రతి పేషెంటుకూ ఒక కార్డు, రానివాళ్లకు ఫోన్. ఈ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది.

స్పెషలిస్టు అవసరమే లేదని కాదు. గర్భిణులు, చిన్న వయసులోనే బీపీ వచ్చినవాళ్లు, మూడు రకాల మందులు వాడినా తగ్గనివాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు తప్పకుండా వెళ్లాలి. మిగతావాళ్లకు ఇంటికి దగ్గర్లో, తెలిసిన నర్సమ్మ ఉన్న చోటే మేలు.

అపోహ: మందులు మధ్యలో మానేశారంటే పేషెంటుదే నిర్లక్ష్యం.

నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఎందుకంటే ఈ మాట మా డిపార్ట్‌మెంట్ వాళ్ల నోటే ఎక్కువగా వింటాను.

కూలికి వెళ్లే ఒక ఆడమనిషిని ఊహించుకోండి. పదిహేను రోజులకే మాత్రలు ఇస్తే నెలకు రెండుసార్లు రావాలి. అంటే రెండు రోజుల కూలి పోతుంది, పైగా ఆటో ఖర్చు. వచ్చాక ఓపీ చీటీకి ఒక లైన్, బీపీకి ఒక లైన్, మందులకు ఇంకో లైన్. అంతసేపు నిలబడ్డాక "స్టాక్ లేదు, వచ్చే వారం రండి" అంటే ఆమె ఎందుకొస్తుంది? వచ్చినా, ఈసారి కంపెనీ మారి తెల్ల గోలీ బదులు గులాబీ రంగు గోలీ చేతిలో పెడతారు. రెండూ ఒకటేనని చెప్పేవాళ్లు ఉండరు. దాంతో ఆమె రెండూ వేసుకుంటుంది, లేదా రెండూ మానేస్తుంది.

ఇవన్నీ మనం సరిచేయగలిగినవే. కరోనా సమయంలో, 2020 ఏప్రిల్‌లో, దీర్ఘకాలిక రోగులకు మూడు నెలల వరకు మందులు ఒకేసారి ఇవ్వొచ్చని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, ఆశా కార్యకర్తల ద్వారా ఇంటికే పంపించమంది. బీపీ నిలకడగా ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు మామూలు రోజుల్లో ఎందుకు ఉండకూడదు? ప్రతి కేంద్రంలోనూ ఈ నెల రావాల్సినవాళ్లలో ఎవరు రాలేదో జాబితా తీసి ఊళ్లో తిరిగే నర్సమ్మ (ఏఎన్‌ఎం) చేతికిస్తే సగం పని అయినట్టే. ఆమె వెళ్లి "ఏం పెద్దమ్మా, రాలేదేం?" అని అడిగితే అసలు కారణం అప్పుడు బయటపడుతుంది.

అపోహ: ఎన్ని కొత్త కేసులు పట్టుకుంటే అంత బాగా పనిచేసినట్టు.

30 ఏళ్లు దాటినవాళ్లందరికీ స్క్రీనింగ్ జరగాల్సిందే. కానీ క్యాంపులో "మీకు షుగర్ ఉంది" అని చెప్పి పంపేస్తే ఆ మనిషికి మిగిలేది టెన్షన్ ఒక్కటే. మీటింగుల్లో మమ్మల్ని అడగాల్సిన లెక్క వేరు: ఏడాది కింద నమోదైనవాళ్లలో ఈరోజు ఎంతమందికి బీపీ 140/90 లోపు ఉంది?

అపోహ: రీడింగ్ నార్మల్ వచ్చింది కాబట్టి మాత్ర ఆపేయొచ్చు.

మాత్ర పనిచేస్తోంది కాబట్టే నార్మల్ వచ్చింది. తగ్గించాలో, ఆపాలో డాక్టర్ చెప్పాలి.

అయితే ఆ రీడింగ్ సరైనదేనా అన్నది కూడా చూడాలి. బస్సు దిగి పరుగున వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుడితే బీపీ ఎక్కువే చూపిస్తుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపుకు ఆనుడు ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి, మాట్లాడించకూడదు. అరగంట ముందు నుంచి టీ, బీడీ ఉండకూడదు. రెండుసార్లు చూడాలి. ఎంత రద్దీ ఉన్నా దీన్ని వదిలేయకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే మందు మోతాదు ఈ అంకెను బట్టే మారుతుంది.

అపోహ: షుగర్ మాత్రలు కిడ్నీలను పాడుచేస్తాయి.

షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర కిడ్నీలను పాడుచేయదు. కిడ్నీ పనితీరు ఇప్పటికే బాగా తగ్గి ఉంటే దాని మోతాదు తగ్గిస్తాం, లేదా ఆపేస్తాం. అందుకే ఆ మందుకు ఈ చెడ్డపేరు. కిడ్నీలను దెబ్బతీసేవి అదుపులో లేని షుగర్, బీపీ. వాటితోపాటు మోకాళ్ల నొప్పులకని చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి మింగే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు. షుగర్ ఉన్నవాళ్లు ఇలాంటివి వాడుతుంటే, అడగకపోయినా మాకు చెప్పండి.

అపోహ: పరగడుపు షుగర్ ఒక్కటి చూసుకుంటే చాలు.

చాలదు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ రక్త పరీక్ష చేయించుకోవాలి, చాలామందికి అది 7 శాతం లోపు ఉండాలి. ఏడాదికోసారి కంటి వెనక పొర పరీక్ష, కిడ్నీల పనితీరు తెలియడానికి మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. పాదాలు కూడా చూడాలి. ఇది మేమే ఎక్కువగా వదిలేస్తున్న పరీక్ష. దీనికి పెద్ద మిషన్ అక్కర్లేదు. చెప్పులు, సాక్సులు విప్పించి, వేళ్ల మధ్య పుండ్లు ఉన్నాయేమో చూసి, స్పర్శ తెలుస్తోందో లేదో తాకి చూడాలి, అంతే. మీ డాక్టర్ చూడకపోతే "సార్, పాదాలు కూడా ఒకసారి చూడండి" అని మొహమాటం లేకుండా అడగండి.